ఎండా నీడా ఒకే ఫొటోలో



సౌకార్‌పేటలో మింట్ వీధి నుంచి ఏ సందులోకి తిరిగినా మిట్టమధ్యాహ్నం ఒక తమాషా కనిపిస్తుంది. పైన మేడల మధ్య ఆకాశం తెల్లని పట్టీలా మెరుస్తూ ఉంటుంది. కింద అరుగుల మీద అప్పుడే పొద్దుగూకినట్టు మసక. మన కంటికి ఇది పెద్ద లెక్క కాదు. పైకి చూస్తే కంటిపాప చిన్నదవుతుంది, నీడలోకి చూస్తే పెద్దదవుతుంది. రెండు చూపులనూ మెదడు ఒక్కటి చేస్తుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. ఆకాశానికి సరిపెడితే అరుగు నల్లబడుతుంది. అరుగుకు సరిపెడితే ఆకాశం సున్నం కొట్టిన గోడవుతుంది.

ఈ చిక్కు పాతదే. 1850లలో ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే సముద్రానికొక నెగటివ్, ఆకాశానికొక నెగటివ్ తీసి రెంటినీ ఒకే కాగితం మీద అచ్చువేశాడు. 1856లో మద్రాసు ప్రభుత్వానికి ఫొటోగ్రాఫరైన లిన్నేయస్ ట్రైప్‌కు మరో దారి దొరికింది. ఆకాశం వట్టి తెలుపుగా వస్తోందని, నెగటివ్ మీద మబ్బులను తానే రంగుతో దిద్దేవాడు!

హై డైనమిక్ రేంజ్, అంటే హెచ్.డి.ఆర్., లె గ్రే చేసిన పనికి మనుమడి వంటిది. ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసి, ఒక్కొక్కదానిలో బాగా వచ్చిన భాగాలను కంప్యూటర్‌లో కలుపుతాం. వెలుగును స్టాపులతో కొలుస్తారు. ఒక స్టాపు పెరిగితే వెలుగు రెట్టింపు. పది స్టాపులంటే వెయ్యి రెట్లకు పైమాటే.

ఇక ఒక ఇంటి సంగతి. మా పక్క సందులో ఒక పాత మండువా ఇల్లుండేది. పడగొట్టే ముందు ఫొటోలు తీసిపెట్టమని ఆ ఇంటి అవ్వ అడిగింది. మండువాలో నిట్టనిలువు ఎండ, చుట్టూ వసారాలో టేకు స్తంభాలు, వాటి వెనుక చీకటి గది. ట్రైపాడ్ నిలిపి, ఐ.ఎస్.ఓ. వంద దగ్గర, అపర్చర్ ఎఫ్ ఎనిమిది దగ్గర కదలకుండా ఉంచాను. షట్టర్ వేగం ఒక్కటే మార్చుతూ, రెండేసి స్టాపుల తేడాతో ఐదు ఫొటోలు తీశాను. అపర్చర్ మార్చకూడదు, మారితే ఫోకస్ లోతు మారి ఫొటోలు సరిగా అతకవు. వైట్ బ్యాలెన్స్‌నూ ఒకచోట కట్టేయాలి. వీలైతే రా ఫైళ్లే తీయాలి. దండెం మీది చీర గాలికి ఊగి, కలిపిన ఫొటోలో మూడు చీరల దయ్యంలా వచ్చింది. అందుకే కదిలే వస్తువున్న చోటును ఒకే ఫొటోలోంచి తీసుకోమని ప్రోగ్రాముకు చెప్పాలి.

అసలు తప్పు ఆ తరువాత చేశాను. కలిపిన ఫొటోలోని వెలుగును తెరకూ కాగితానికీ సరిపోయేలా కుదించడాన్ని టోన్ మ్యాపింగ్ అంటారు. మీటలు అందుబాటులో ఉంటే చేయి ఊరుకుంటుందా? నీడలన్నీ ఎత్తాను. గోడ మీది ప్రతి మరకా లేచి నిలబడింది. స్తంభాల చుట్టూ వెలుగు వలయాలు వచ్చాయి. చీకటి గది పెళ్లిపందిరిలా వెలిగిపోయింది. గర్వంగా చూపించాను.

అవ్వ చాలాసేపు చూసి, "ఇదెవరిల్లు నాయనా? ఆ గదిలో పట్టపగలే దీపం పెట్టుకునేదాన్నే! ఇంత వెలుగెక్కడిది?" అంది.

ఇంటికి వచ్చి మొదటినుంచి చేశాను. ఈసారి మండువాలో ఎండ ఎండలాగే ఉండాలి. స్తంభాల చెక్కడం కనిపించాలి, అయితే నీడలోనే కనిపించాలి. గది గుమ్మం దాకా చూపు పోవాలి, లోపల చీకటి మిగలాలి. ఐదింటిలో మూడే సరిపోయాయి. నీడల మీటను సగానికి తగ్గించాను. వలయాలు రాకుండా, అంచులను స్ఫుటం చేసే మీట జోలికి దాదాపు పోలేదు. ఆ దృశ్యంలో అన్నిటికన్నా చీకటిగా ఉన్నది ఫొటోలోనూ అన్నిటికన్నా చీకటిగా ఉందా అన్నదే నేను పెట్టుకున్న పరీక్ష.

అన్నిచోట్లా ఈ హంగామా అక్కర్లేదు. పులికాట్ సరస్సు మీద తెల్లవారే వేళ నీరూ ఆకాశమూ ఒక్క గీత దగ్గర విడిపోతాయి. పైసగం ముదురుగా ఉన్న ఫిల్టర్ లెన్సు ముందు పెడితే చాలు. పైగా పడవలు ఊగుతుంటాయి కనుక నాలుగైదు ఫొటోలు కలపడం కష్టం. సందులో అదే ఫిల్టర్ పెడితే మేడల తలలు నల్లబడతాయి. మబ్బు పట్టిన రోజైతే ఒక్క రా ఫైలే చాలు. ఫోన్లలోనూ ఈ సదుపాయం ఉంది. ఐఫోన్‌లో 2010లో వచ్చింది. ఈనాటి ఫోన్లు మనం అడగకుండానే ఫొటోలు కలిపి నీడలను ఎత్తేస్తాయి. తెర మీద వేలితో తాకి, వెలుగును కాస్త కిందికి లాగి తీయండి.

రెండో ఫొటో చూసి అవ్వ గది గుమ్మం మీద వేలు పెట్టింది. "ఇక్కడే మా అత్తగారు కూర్చునేది" అంది. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల గిడ్డంగి ఉంది. ఆ ఫొటోను అవ్వ కొత్త ఇంట్లో, కిటికీ వెలుగు పడని గోడకు తగిలించారు.