రాయి మారినా... ఉంగరం అదే!

నిశ్చితార్థం నాటి ఉంగరం. అప్పటి జీతానికి అందిన చిన్న వజ్రం. పదేళ్లయ్యాక 'పెద్దది పెట్టిద్దాం' అంటాడాయన. 'ఆ రోజు వేలికి తొడిగింది ఇదే కదా' అని ఆమె బెంగ. ఇద్దరి మాటా నెగ్గే దారి ఉంది!

పావు క్యారెట్ గుండ్రటి వజ్రం వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు, అర క్యారెట్‌ది 5. బరువు రెట్టింపైనా వెడల్పు పెరిగేది మిల్లీమీటరే! అందుకే ఉంగరం గట్టిగా ఉంటే మొత్తం కరిగించక్కర్లేదు. రాయి కూర్చునే గూడు ఒక్కటీ మార్పిస్తే చాలు. లోపల చెక్కించుకున్న పేర్లు అలాగే ఉంటాయి.

పాత రాయిని మాత్రం దుకాణంలో మార్పిడికి ఇచ్చేయకండి. ముక్కుపుడకలో పొదిగించి దాచండి. రేపు అమ్మాయి పెళ్లిలో అమ్మానాన్నల తొలి మెరుపు తన ముఖంలోనే కనిపిస్తుంది!