బండిని ఆపేది బ్రేకేనా?

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. మన కుర్రకారుకు పాలూ కావాలి, పరుగూ కావాలి. తప్పులేదు. కాని పరుగెత్తేవాడికి ఆగడం కూడా చేతనై ఉండాలి గదా! ఆ ఆగడాన్ని గురించే ఈ నాలుగు మాటలూ.

మట్టిదారి మోటారు సైకిలు అంటే కాలేజీలో మోజు ఎక్కువ. 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక ఆ మోజు మధ్యతరగతి ఇళ్లకూ అందింది. బండి కొన్న మరునాటి నుంచే ‘పెద్ద డిస్కు వేయిద్దామా, క్యాలిపర్ మారుద్దామా’ అని చర్చ మొదలవుతుంది. బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డున ఆటోనగర్ గేటు దాకా వెళ్తే మోటారు సామానుకు కొదవలేదు. ఏది కొనాలి, ఎందుకు కొనాలి అన్నదే చిక్కు.

ముందు ఒక మూలసూత్రం తెలుసుకుందాం. బ్రేకు ఆపేది చక్రాన్ని. బండిని ఆపేది టైరుకూ నేలకూ మధ్యనున్న పట్టు. గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్లే బండిని పొడి తారు మీద, ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, సుమారు 20 మీటర్లలో ఆపవచ్చు. వదులు మట్టి మీద గుణకం అందులో సగమైతే 40 మీటర్లు కావాలి. మనకు స్పృహ కలిగి లివరు నొక్కేలోగా ఒక సెకను గడిస్తే మరో 17 మీటర్లు అదనం. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు. మీ బండికున్న బ్రేకు ఇప్పటికే చక్రాన్ని బిగబట్టగలిగితే, అంతకంటే బలమైన బ్రేకు పెట్టినా ఈ లెక్కలో ఒక్క మీటరు తగ్గదు.

మన ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. బెంజ్ సర్కిల్ దగ్గర 16వ నంబరు, 65వ నంబరు జాతీయ రహదారులు కలుస్తాయి. అక్కడ తారు, లారీలు, ఆటోలు. అదే బండి యనమలకుదురు దాటి, కృష్ణ కరకట్ట దిగి పొలాల దారి పడితే కాసేపు ఇసుక, కాసేపు నల్లరేగడి బురద. తారు మీద బ్రేకు వేస్తే బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఆపే పనిలో పెద్ద వంతు ముందు చక్రానిదే. బురదలో ముందు చక్రం బిగుసుకుంటే మనిషి నేలమీదే! వెనక చక్రం కొంచెం జారినా సర్దుకోవచ్చు. అందుచేత మనకు కావలసింది మొరటు బలం కన్నా, వేలి ఒత్తిడికి తగ్గట్టు కొలిచినట్లు పనిచేసే బ్రేకు.

ఈ దృష్టితో చూస్తే ఖర్చు పెట్టవలసిన వరుస తేలిపోతుంది.

మొదటిది టైరు. గుబ్బలు అరిగిన టైరుకు ఖరీదైన డిస్కు తగిలించడం గుండు మీద పూలదండే. అయితే గుబ్బలు మరీ పెద్దవైతే తారు మీద, అందులోనూ తడి తారు మీద, పట్టు తగ్గుతుంది. రోజూ ఊళ్లో తిరిగే విద్యార్థికి మధ్యరకం మేలు.

రెండవది బ్రేకు ఆయిలు. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన డెల్టాలో తేమకు లోటా? డాట్ 4 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదని ప్రమాణం. నీరు చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ఆయిలు మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుట్టి, లివరు ఉత్త చేతికి వస్తుంది. దుర్గ గుడి కొండ తప్ప మనకు ఘాట్ రోడ్డు ఏదని తేలిగ్గా తీసుకోవద్దు. మారేడుమిల్లి, అరకు విహారాలకు వెళ్లేది మనమే. రెండేళ్లకోసారి ఆయిలు మార్పించి, గొట్టంలో గాలి పూర్తిగా తీయించాలి. డాట్ 5 అనే సిలికాన్ రకాన్ని ఇందులో కలపరాదు.

మూడవది ప్యాడ్లు. ఆర్గానిక్ రకం మెత్తగా పట్టుకుంటుంది, కాని ఇసుకలో, బురదలో త్వరగా అరుగుతుంది. లోహపు పొడిని వేడిచేసి అదిమి చేసిన సింటర్డ్ రకం తడిలోనూ పట్టు నిలుపుకుంటుంది, ఎక్కువకాలం మన్నుతుంది. కాకపోతే డిస్కును కొంచెం ఎక్కువ అరగదీస్తుంది. మీ డిస్కుకు ఆ రకం పనికొస్తుందో లేదో అడిగి మరీ కొనండి. ముందు చక్రానికి సింటర్డ్, వెనకకు మెత్తని రకం వేస్తే మట్టిదారిలో సుఖం.

నాలుగవది గొట్టం. పాతబడిన రబ్బరు గొట్టం ఒత్తిడికి ఉబ్బుతుంది. మనం నొక్కిన నొక్కుడులో కొంత ఆ ఉబ్బుకే పోతుంది. ఉక్కు తీగలు అల్లిన గొట్టం వేస్తే ఆ తేడా వేలికి వెంటనే తెలుస్తుంది.

పెద్ద డిస్కు వంతు ఆఖరున. ఎక్స్‌పల్స్ ముందు డిస్కు 276 మి.మీ. దానిని 300 చేస్తే దక్కే అదనపు బలం సుమారు 9 శాతం మాత్రమే. క్యాలిపర్‌ను జరపడానికి కొత్త బ్రాకెట్టు చేయించాలి. అది సరిగా కుదరకపోతే ఉన్న బ్రేకూ చెడుతుంది.

ఇక ఏ.బి.ఎస్. మాట. 125 సి.సి. పైబడిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి అయింది. చక్రం బిగుసుకోబోతే క్షణక్షణమూ ఒత్తిడి సడలించి పట్టే యంత్రమిది. 2019 నాటి ఎక్స్‌పల్స్‌లో దీనిని ముందు చక్రానికే ఇచ్చారు. వెనక చక్రం పని ఇప్పటికీ రౌతు కాలిదే. డిస్కు మార్చేటప్పుడు సెన్సారు చదివే పళ్ల చక్రం దెబ్బతిన్నా, కుదరకపోయినా ఈ రక్షణ పోతుంది. వైరు పీకేసి ‘మట్టిలో బాగుంటుంది’ అనే సలహాను ఎవరిచ్చినా వినకండి. సాయంత్రం మీరు తిరిగి రావలసింది బెంజ్ సర్కిల్ మీదుగానే.

కొత్త ప్యాడ్లు వేయించిన రోజున ఖాళీ రోడ్డు చూసుకుని, మోస్తరు వేగం నుంచి పదీ పదిహేనుసార్లు నిదానంగా ఆపి ఒరిపిడి చేయండి. గొలుసుకు నూనె కొట్టేటప్పుడు డిస్కు మీద చుక్క పడనీయకండి.

మిత్రులారా! వెనక సీటులో కూర్చున్నవాడి చేతిలో లివరు ఉండదు. వాడు తన ప్రాణాన్ని మన రెండు వేళ్లకు అప్పగించి కబుర్లు చెబుతుంటాడు. కాబట్టి సామాను కొట్టుకు పోయేముందు సైకిల్ స్టాండుకు వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని మీ బండి టైర్లూ, ప్యాడ్లూ, ఆయిలు రంగూ ఒకసారి చూసుకోండి. దానికి పైసా ఖర్చు లేదు.