ఫొటోలో అమ్మ ఎక్కడ?

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనమయ్యాక ఇంటిల్లిపాదీ అన్నాచెల్లెళ్ల గట్టుకు చేరారు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటది. ‘రండి, ఫొటో దిగుదాం’ అన్నారు పిల్లలు. అందరూ వరసగా నిలబడ్డారు, అమ్మ తప్ప. ‘మీరు దిగండి, నేను తీస్తా. ఫొటోలో నేను బాగోను’ అంటూ ఆమె ఫోన్ అందుకుంది.

చాలా ఇళ్లలో జరిగేదే ఇది. కాన్పు తర్వాత ఒళ్లు చేయడం, బొల్లి మచ్చలు, జుట్టు రాలడం, ఆపరేషన్ గాటు... కారణం ఏదైనా కొన్నేళ్లకు ఆల్బమ్‌లో ఆ మనిషే కనిపించరు. పైకి సిగ్గులా అనిపించినా, కొందరిలో ఇది తమను తాము ఒప్పుకోలేకపోవడానికి గుర్తు. విచిత్రమేమిటంటే, ఈ ముడి విప్పడానికీ కెమెరా సాయపడుతుంది.

అద్దం చేసే మాయ

మన ఫొటో మనకే ఎందుకు నచ్చదు? అమెరికాలోని విస్కాన్సిన్‌లో పరిశోధకులు దీన్ని పరీక్షించి, 1977లో ఫలితాలు ప్రకటించారు. ఒకే మనిషి ఫొటోను మామూలుగా ఒకటి, అద్దంలో కనిపించేలా తిప్పి మరొకటి చూపించారు. ఫొటోలోని వారు ఎక్కువగా అద్దం ముఖాన్నే ఇష్టపడ్డారు. వారి స్నేహితులకు మాత్రం మామూలు ఫొటోనే నచ్చింది. అంటే ఫొటోలో మనకు కనిపించేది వికారం కాదు, మనకు అలవాటు లేని మన ముఖం. మనవాళ్లు రోజూ చూస్తున్నదీ, ఇష్టపడుతున్నదీ ఆ ముఖాన్నే!

సెల్ఫీ సంగతీ అంతే. 12 అంగుళాల దూరం నుంచి తీస్తే, అయిదడుగుల నుంచి తీసినప్పటి కన్నా ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టారు. తప్పు ముక్కుది కాదు, దూరానిది.

గాయాన్ని చూసిన కెమెరా

బ్రిటన్‌కు చెందిన జో స్పెన్స్ ఒకప్పుడు స్టూడియో నడిపి, ఇతరులకు అందమైన ఫొటోలు తీసేవారు. 1982లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ బయటపడింది. అప్పుడు కెమెరాను తనవైపే తిప్పుకొన్నారు. ఆసుపత్రి మంచం, తన శరీరం, తన భయం... దేన్నీ దాచలేదు. 1984 నుంచి రోజీ మార్టిన్‌తో కలిసి దీన్ని ఫొటోథెరపీగా మలిచారు. కామెర్లు వచ్చిన పసిబిడ్డలకు చేసే లైట్ల చికిత్సకూ ఇదే పేరున్నా, రెండూ వేర్వేరు. ఇక్కడ తన రూపాన్ని ఎలా చూపాలో మనిషి తానే నిర్ణయించుకుంటారు. మార్పు మొదలయ్యేది అక్కడే.

ఇంట్లోనే ఇలా...

* రోజుకొక్క ఫొటో తీయండి. అరటితోటలో పొద్దుటెండ, లాకుల దగ్గర నీళ్లు, కొబ్బరికాయల రాశి, అమ్మమ్మ చేతులు... ఏదైనా సరే. రోజూ ఒక ఫొటో తీసేవారిని పరిశీలించిన బ్రిటన్ పరిశోధకులు, ఇది తమను తాము చూసుకోవడానికీ, నలుగురితో మాట కలపడానికీ తోడ్పడుతున్నట్టు 2018లో వివరించారు.

* వారానికొకటి మీది తీసుకోండి. ఫోన్‌ను అయిదడుగుల దూరంలో నిలబెట్టి టైమర్ పెట్టండి. ఫిల్టర్లు వద్దు.

* వెంటనే స్టేటస్‌లో పెట్టకండి. లైకుల కోసం తీసింది పరీక్ష అవుతుంది. మీకోసం తీసుకున్నది పలకరింపు అవుతుంది.

* పాత ఆల్బమ్ తెరిచి పెద్దవాళ్లతో కూర్చోండి. ‘ఇది ఎప్పటిది? అప్పుడేం జరిగింది?’ అని అడగండి. దూరమైనవారు గుర్తొచ్చి కన్నీళ్లొస్తే ఆపకండి.

హద్దు తెలుసుకోండి

ఇది మందులకు గానీ, కౌన్సెలింగ్‌కు గానీ బదులు కాదు. ఇష్టం లేనివారిని బలవంతాన కెమెరా ముందు నిలబెట్టకూడదు. ఫొటోలో లోపాలే పదేపదే వెతుక్కుంటున్నా, రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి వేధిస్తున్నా మానసిక వైద్యులను కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. ప్రభుత్వ టెలి మానస్ సహాయ కేంద్రం 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ఈసారి గోదారి గట్టుకు వెళ్లినప్పుడు ‘అమ్మా, నువ్వు లేకపోతే ఇది మన ఫొటో ఎలా అవుతుంది?’ అని అడిగి చూడండి. సరేనంటే, ఆ ఫోన్ మీరు అందుకోండి.