నడవమనే ముందు పాదం చూడాలి

“రోజూ నడవండి” అని షుగరు రోగులకు మేము చెబుతూనే ఉంటాము. చాలా ఏళ్ల క్రితం, నేను వార్డు సిస్టరుగా ఉన్న రోజుల్లో, ఒక పెద్దావిడకు అలాగే చెప్పి పంపాను. నెల తర్వాత ఆమె బొటనవేలి కింద పుండుతో వచ్చింది. చెప్పులో పైకి లేచిన చిన్న మేకు మీద రోజుల తరబడి నడిచింది. నొప్పే తెలియలేదు. “మీరు నడవమన్నారు కదమ్మా, ఒక్కరోజు కూడా మానలేదు” అంది. చివరకు ఆ వేలు తీసేయవలసి వచ్చింది. నడవమన్నాను గాని, ఆమె పాదం చూడలేదు. ఆ తప్పు నాదే.

నడక మంచిదే. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. బి.పి., బరువు అదుపులో ఉండటానికీ నడక తోడ్పడుతుంది. వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే రోజుకు 30 నిమిషాల చొప్పున 5 రోజులు నడవాలి. అయితే షుగరు ఎక్కువకాలం ఉంటే పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. 1946లో వెల్లూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు, కుష్ఠు రోగుల పాదాలకు పుండ్లు పడేది ముఖ్యంగా దెబ్బ తగిలినా తెలియకపోవడం వల్లనేనని చూపించారు. షుగరు రోగుల విషయంలోనూ జరిగేది ఇదే.

అందుకే ముందు సన్నని నైలాను పోగుతో అరికాలు తాకి స్పర్శ చూస్తాము. పాదం మీద నాడి, వేళ్ల సందులు, ఆనెలు చూస్తాము. స్పర్శ తగ్గినంత మాత్రాన నడక మానక్కరలేదు. మెత్తని ఎం.సి.ఆర్. అట్ట వేసిన, వెనుక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుని నడవవచ్చు.

“నడుస్తున్నారా?” అని అడిగితే అందరూ “ఆ, నడుస్తున్నానండి” అనే అంటారు. అందుకని “నిన్న ఎక్కడిదాకా వెళ్లారు? తోడు ఎవరు వచ్చారు?” అని అడుగుతాము. అలవాటు లేనివారు 10 నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే చాలు. ఇంట్లో ఒకరు తోడు వెళితే నడక నిలుస్తుంది.

ఇంటిదగ్గర ఇవి పాటించండి:

1. చెప్పులు వేసుకునే ముందు దులిపి, లోపల చేత్తో తడిమి చూడండి.
2. ఇంట్లోనైనా, గుడి ఆవరణలోనైనా వట్టికాళ్లతో నడవకండి. ఎండకు కాలిన సిమెంటు బొబ్బలెక్కించినా మీకు తెలియకపోవచ్చు.
3. నడిచి వచ్చాక అరికాళ్లు చూసుకోండి. వంగలేకపోతే అద్దం పెట్టుకోండి, లేదా పిల్లలను చూడమనండి.
4. కాళ్లు కడిగాక వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవండి. ఆనెలను బ్లేడుతో కోయకండి.
5. ఇన్సులిను గాని, షుగరు మాత్రలు గాని వాడేవారు జేబులో కొంచెం చక్కెర ఉంచుకోండి.

పుండు, బొబ్బ, వాపు, ఒక పాదం వేడిగా లేక ఎర్రగా ఉండటం కనిపిస్తే నడక ఆపి వెంటనే రండి. నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంటే అది రక్తనాళాలు సన్నబడటం వల్ల కావచ్చు. డాక్టరుగారికి చెప్పండి.

ఈసారి ఓ.పి.కి వచ్చినప్పుడు మీరు రోజూ వేసుకునే చెప్పులతోనే రండి. మేము పని హడావుడిలో మరచిపోతే, “సిస్టరుగారూ, నా పాదాలు చూడండి” అని మీరే అడగండి. మొహమాటపడకండి.