మూడో క్యాంపు

నిజామాబాద్ జిల్లాలో క్యాంపు అన్న మాటకు రెండు అర్థాలు పాతుకుపోయాయి. బోధన్, వర్ని, కోటగిరి వైపు వెళ్తే ఊరి పేరు చివరే క్యాంపు ఉంటుంది. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి, భూములు కొనుక్కుని, గుడిసెలు వేసుకున్న రైతుల మకాములవి. గుడిసెలు పోయి మేడలు లేచాయి గానీ పేరులోంచి క్యాంపు పోలేదు. ఆర్మూర్, బాల్కొండ, మెండోర వైపు వస్తే క్యాంపు అంటే దుబాయి. "మావోడు క్యాంపుల ఉంటడు" అని తల్లి చెప్పిందంటే ఒకే గదిలో అంతస్తుల మంచాలు, వంతులవారీ వంట, వారానికొక సెలవు అని వినేవాడికి అర్థమైపోతుంది.

రెండూ పని కోసం వేసిన మకాములే. పనేమీ లేకుండా, తోడెవరూ లేకుండా, బండిలోనే వండుకుని బండిలోనే పడుకుంటూ ఊళ్లు తిరిగే మూడో క్యాంపు ఒకటుందని మా వైపు చెప్తే నవ్వుతారు. నేను చెప్పి చూశాను, నవ్వారు.

నా బండి పాత ఓమ్ని వ్యాన్. సరుకు రవాణాకు వాడింది కాబట్టి వెనక సీట్లు మొదటి నుంచీ లేవు. లోపల ప్లైవుడ్ పలక పరిచి, పరుపు వేసి, కింద నీళ్ల క్యాను, గ్యాస్ పొయ్యి, బియ్యం డబ్బా సర్దాను. వెల్డింగ్ జోలికి పోలేదు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. పలకనైతే పది నిమిషాల్లో ఎత్తి అవతల పెట్టొచ్చు.

మొదటి రాత్రికి మరీ దూరం పోలేదు. మార్చి చివరి రోజులు. పోచంపాడులో శ్రీరాంసాగర్ కట్ట దిగువన ఆపాను. 1963 జులై 26న నెహ్రూ పునాదిరాయి వేసిన ప్రాజెక్టు అది. వానాకాలం 42 గేట్లలో కొన్ని ఎత్తినా చాలు, జిల్లా అంతా తరలివస్తుంది. మార్చిలో మాత్రం కుక్కలు, నేను. పగలంతా కాగిన రేకు రాత్రి పదకొండుకు కూడా పెనంలాగే ఉంది. అద్దం దించితే దోమలు, ఎక్కిస్తే ఆవిరి. నీళ్ల క్యాను మూత వదులై పరుపు ఒక పక్క తడిసింది. నిజం చెప్పాలంటే ఆ తడి పక్కనే హాయిగా పడుకున్నాను. ఒంటిగంటకు ఎవరో అద్దం మీద కొట్టారు.

"సారూ... ఓ సారూ! బండి ఖరాబైందా?"

టార్చిలైటు పట్టుకుని ఒక వాచ్‌మన్.

"లేదన్నా, పండుకున్న."

"ఇంట్ల లొల్లైందా?"

"లేదు."

"మరి ఒక్కరే ఎందుకు పండిన్రు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆయన తప్పూ లేదు. ఈ దారికి చక్రాల ఇల్లు కొత్త కాదు, ఒంటరితనమే కొత్త. మెండోర పక్కనుంచే పోయే 44వ జాతీయ రహదారి మీద ఏ రాత్రయినా చూడండి, లారీ పక్కన పొయ్యి వెలుగుతుంటుంది. క్యాబిన్లో దేవుడి పటం, సీటు వెనక పడక, తాడు మీద ఆరేసిన తువ్వాల. లారీయే ఇల్లు. అయినా డ్రైవర్ పక్కన క్లీనర్ ఉంటాడు, వెనక సరుకుంటుంది, ముందు డెలివరీ ఇవ్వాల్సిన ఊరుంటుంది.

అంతకు ముందూ అంతే. తాండా అంటే ఇప్పుడు ఊరు. ఒకప్పుడు అది నడిచేది. వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని ఆలుబిడ్డలతో సాగిపోయే లంబాడీల బిడారునే తాండా అనేవారు. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే పది పన్నెండు వేల ఎద్దుల బిడారుల గురించి రాశాడు. అవి ఎదురైతే దారి ఇచ్చి ఆగాల్సిందేనట. కోస్తా ఉప్పు సాలూరు కనుమ ఎక్కి బస్తర్ అడవుల్లోకి చేరింది ఆ ఎద్దుల వీపుల మీదే.

కాశీయాత్రకు పోయిన ఏనుగుల వీరాస్వామయ్య సంగతీ అంతే. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, హైదరాబాద్ దాటి, నిర్మల్, నాగపూర్ల మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. పల్లకీ ఎక్కాడు, డేరాలు వెంట తెచ్చుకున్నాడు, చుట్టూ దాదాపు వంద మంది పరివారం. డబ్బున్నవాడూ గుంపుతోనే కదిలాడు.

తెలుగులో ఒక్కడే పోవడాన్ని ఒక రుచిగా మార్చినవాళ్లు మన కాలం వాళ్లు. విశాఖలో చిత్రకళ చెప్పిన మాచవరపు ఆదినారాయణ కాలినడకన తిరిగి 'భ్రమణకాంక్ష' రాశారు. పరవస్తు లోకేశ్వర్ స్కూటరెక్కి బస్తర్ దారులు పట్టి 'ఛత్తీస్‌గఢ్ స్కూటర్ యాత్ర' తెచ్చారు. స్కూటర్ మీద పడక ఉండదు, పైకప్పు ఉండదు. నా ఓమ్ని ఆ లెక్కన రాజభవనం.

ఇలా పడక వేసుకున్న బండిని క్యాంపర్ వ్యాన్ అంటారు, అవి బాగా తిరిగే చోటు ఉత్తర ఆస్ట్రేలియా. ఉష్ణమండలపు సముద్రతీరం ఒకవైపు, జనం కనపడని ఎర్రమట్టి లోనాడు మరోవైపు. లోనాడునే వాళ్లు అవుట్‌బ్యాక్ అంటారు. రిటైరైన దంపతులు ఇల్లు అద్దెకిచ్చి నెలల తరబడి వ్యాన్లలో తిరుగుతుంటారు. వాళ్లకు గ్రే నోమాడ్స్ అని పేరు, నెరిసిన జుట్టు సంచారులన్నమాట. స్టీరింగ్ మనలాగే కుడివైపు, బండి ఎడమవైపు పోతుంది. అక్కడితో పోలిక సరి. డార్విన్ నుంచి దక్షిణాన పోర్ట్ అగస్టా దాకా స్టూవర్ట్ హైవే దాదాపు 2,700 కిలోమీటర్లు. కేథరిన్ దాటితే ఊరు అనదగ్గ తర్వాతి ఊరు టెనెంట్ క్రీక్, సుమారు 670 కిలోమీటర్లు. మెండోర నుంచి హైదరాబాద్‌కు పోయి, వచ్చి, మళ్లీ పోయినా అంత కాదు. మధ్యలో ఉండేవి రోడ్‌హౌస్‌లు. పెట్రోలు, భోజనం, మంచం అన్నీ ఒకే కప్పు కింద. ముందు పోయే రోడ్‌ట్రైన్ లారీ 53 మీటర్ల దాకా పొడవుంటుంది. దాన్ని దాటాలంటే కిలోమీటరుకు పైగా ఖాళీ రోడ్డు కనపడాలి. చీకటిపడ్డాక కంగారూలు, పశువులు రోడ్డెక్కుతాయి కనుక అద్దె వ్యాన్ల కంపెనీలు చాలావరకు రాత్రి ప్రయాణమే వద్దంటాయి. తీరంలో ఈత కొడదామంటే ఉప్పునీటి మొసళ్ల బోర్డులు. నవంబర్ నుంచి మే దాకా విషపు జెల్లీ చేపలు. అంత సముద్రం పక్కన పెట్టుకుని ఒడ్డున కూర్చోవాలి.

అక్కడ ఒక్కడే పోయేవాడికి మొదటి భయం దొంగలు కాదు, నీళ్లు. బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండు, నడిచి పోవద్దు అన్నది ఆ ఎడారి మొదటి పాఠం. బండి పైనుంచి కనపడుతుంది, మనిషి కనపడడు.

ఆ దారుల్లో మన వాసన కూడా ఉంది. లోనాడులో బరువులు మోసిన ఒంటెల్లో 24 ఒంటెలు 1860లో కరాచీ ఓడలో మెల్‌బోర్న్‌లో దిగాయి. అక్కడ పేరుపడ్డ కెన్సింగ్టన్ ప్రైడ్ మామిడి మన దేశానిదేనని, గుర్రాలను ఇక్కడికి చేర్చిన ఓడల తిరుగుప్రయాణంలో క్వీన్స్‌లాండ్‌లోని బోవెన్ రేవుకు చేరిందని చెప్పుకుంటారు. ఆ మామిడి కోతకు కేథరిన్, డార్విన్ తోటల్లోకి దిగేవాళ్లలో వ్యాన్లలో తిరిగే కుర్రకారు చాలామంది. 2024లో మన దేశపు యువతకూ ఏడాదికి వెయ్యి మందికి లాటరీ తీసి, అలా తిరుగుతూ పని చేసుకునే వర్క్ అండ్ హాలిడే వీసా ఇవ్వడం మొదలైంది. పని అన్న మాట వీసా పేరులోనే ముందుంది చూడండి. క్యాంపుకు ఆ పీడ అక్కడా వదల్లేదు.

నాకు తమాషాగా తోచింది నెలల లెక్క. మా మెండోర పసుపు తొమ్మిది నెలల పంట. జూన్‌లో పెట్టి జనవరి నుంచి తవ్వుతాం. ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసి, కొమ్ము ఒక కుప్ప, గోళ ఒక కుప్ప చేసి, అరచేతులు పచ్చబడ్డవి పచ్చబడ్డట్టే మార్కెట్‌కు పోతాం. అమ్మి చేతులు కడుక్కునేసరికి ఏప్రిల్. రైతుకు తీరిక దొరికేది మే ఒక్కటే. నలభై అయిదు డిగ్రీల మేలో మా దగ్గర వ్యాన్ ఎక్కడమంటే పసుపుతోపాటు ఉడకడమే. ఉత్తర ఆస్ట్రేలియాలో మాత్రం వానలు వెనక్కి పోయి, తేమ తగ్గి, దారులు తెరుచుకునే నెల సరిగ్గా మేనే. మెండోర రైతు తీరిక అక్కడి వాతావరణానికి అతికినట్టు సరిపోయింది. విమానం టికెట్టే మధ్యలో అడ్డం.

ఇక్కడే ఉండి తిరగాలనుకునేవాడికి నా ఓటు లంబాడీ ఎద్దుల ఉప్పుదారికి. ఆర్మూర్ నుంచి 63వ జాతీయ రహదారి ఎక్కితే జగిత్యాల, మంచిర్యాల, చెన్నూరు. ప్రాణహిత దాటితే సిరొంచ, ఇంద్రావతి దాటితే భోపాలపట్నం, బీజాపూర్, జగదల్‌పూర్. అక్కడి నుంచి కోరాపుట్ మీదుగా సాలూరు కనుమ దిగితే విజయనగరం, ఆ తర్వాత సముద్రం. అడవి, కొండ, తీరం ఒకే దారిలో దొరుకుతాయి. పోతే డిసెంబర్లో పోవాలి, బీజాపూర్ అడవిలో పొద్దుగూకక ముందే ఊరు చేరాలి. డిసెంబర్లో పసుపుకు నీళ్లు పెట్టేదెవరంటే, అది ఇంట్లో తేల్చుకోవాల్సిన మాట. వాచ్‌మన్ అడిగిన లొల్లి అప్పుడైతే నిజంగానే అవుతుంది.

ఆ రాత్రి ఆయన వెంటనే వెళ్లిపోలేదు. పక్క తలుపు జరిపించి, టార్చి లోపలికి కొట్టి అన్నీ చూశాడు. పొయ్యి చూశాడు, బియ్యం డబ్బా మూత తీసి చూశాడు, ప్లైవుడ్ పలకను రెండు చేతులతో నొక్కి చూశాడు. తడిసిన పక్కను తడిమి, చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"ఇద్దరికి జాగుంది కదా సారూ," అన్నాడు.