నెత్తురు గడ్డకట్టని జబ్బు: తల్లి దోషమా?

మార్కాపురపు పలకపై అక్షరములు దిద్దిన తెలుగువారు ఎందరో కలరు. నేడు ఆ పలకపైననే మన సోదరీమణులకొక చిన్న లెక్క వ్రాసి చూపదలచితిమి.

కొందరు మగబిడ్డలకు చిన్నదెబ్బకే కీలు వాచును. పాలపన్ను ఊడినను నెత్తురు నిలువదు. ఇది హిమోఫిలియా. దీనిలో ముఖ్యమైన రకము సుమారు 5,000 మంది మగశిశువులలో నొకరికి వచ్చును. బిడ్డకీ జబ్బని తెలియగనే "నీ పుట్టింటి దోషమే" యని కోడలిని దూరువారు కొందరు. మేనరికమును దూరువారు మరికొందరు.

పలకపై గీయుడు. స్త్రీకి ఎక్స్ క్రోమోసోములు రెండు. పురుషునకు ఎక్స్ ఒకటి, వై ఒకటి. ఈ జబ్బునకు కారణమగు లోపము ఎక్స్‌పై నుండును. తల్లి ఎక్స్‌లలో నొకటి చెడినను రెండవది సాధారణముగా ఆమెను కాపాడును. ఆమె జబ్బు పడక దానిని మోయుచుండును. కొడుకునకు తల్లియిచ్చిన ఎక్స్ ఒక్కటే. చెడినది వచ్చినచో అతడు రోగియగును. కావున అట్టి తల్లికి పుట్టు ప్రతి కొడుకునకును జబ్బు వచ్చుటకు సగపాలు, ప్రతి కూతురును దానిని మోయుటకు సగపాలు అవకాశము కలదు. తండ్రి రోగియైనచో అతని జబ్బు కొడుకులకు రాదు, కూతుండ్రందరును మోయుదురు.

తండ్రి కొడుకునకు ఎక్స్ నీయడు గనుక, మగబిడ్డకు వచ్చిన యీ జబ్బునకు మేనరికము కారణము కాదు. అయితే రోగియైన మేనమామ, జబ్బును మోయు మేనకోడలిని పెండ్లాడినచో, కూతుండ్రకును సగపాలు జబ్బు రావచ్చును. అట్టి యిండ్లవారు గిద్దలూరున నున్నను, మరెక్కడ నున్నను, సంబంధము నిశ్చయించుటకు ముందే వైద్యుని సలహా పొందవలెను.

ఇంగ్లండు రాణి విక్టోరియా కుమారుడు లియోపోల్డునకు ఈ జబ్బుండెను. అతడు 1884లో జారిపడి మరణించెను. ఆమె మనుమరాలి కొడుకు, రష్యా యువరాజు అలెక్సీకిని ఇదియే. రోగులలో సుమారు మూడవవంతు మందికి వంశమున పూర్వము లేకయే క్రొత్తగా వచ్చును. ఇక కోడలి నేమని దూరుదుము?

పన్ను తీయించుటకును, శస్త్రచికిత్సకును ముందు వైద్యునకు తప్పక చెప్పుడు. ఆస్పిరిను ఈయకుడు. జబ్బును మోయు కూతురికి కానుపునకు ముందే రక్తపరీక్ష చేయింపుడు. ప్రసవమున ఆమెకును నెత్తురు హెచ్చుగా పోవచ్చును. రోగికి లోపించిన పదార్థమును ఇంజక్షనుగా ఇత్తురు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున హిమోఫిలియాయును చేరియున్నది.

ఈ లెక్కను అత్తగారికిని చూపింపుడు.