జాగ్రత్త ఖర్చెంత, నిర్లక్ష్యం ఖర్చెంత?

దక్షిణ కోల్‌కతాలోని దేశప్రియ పార్క్ దగ్గర, అప్పటి యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా శాఖలో ఒక కుటుంబానికి 1950ల నుంచి లాకర్ ఉండేది. మొదట తల్లి పేరున తీసుకున్నారు. 1970లో కొడుకు పేరు కూడా చేర్చారు. 1995 మే 27న ఆయన లాకర్ చూసుకుని అద్దె కట్టడానికి వెళ్తే, 1993-94 అద్దె బకాయి ఉందని 1994 సెప్టెంబరు 22నే దాన్ని పగలగొట్టి, మరొకరికి కేటాయించేశామని చెప్పారు. నిజానికి బకాయి ఏమీ లేదు. పొరపాటున పగలగొట్టామని బ్యాంకు తర్వాత ఒప్పుకుంది. వస్తువులు తీసుకోవడానికి వెళ్తే ఏడు నగలకు రెండే దొరికాయని, అవీ సీలు లేని కవరులో ఉన్నాయని ఆయన ఫిర్యాదు.

ఆ ఫిర్యాదు వినియోగదారుల ఫోరం నుంచి మెట్టు మెట్టూ ఎక్కి సుప్రీంకోర్టుకు చేరింది. తీర్పు 2021 ఫిబ్రవరి 19న వచ్చింది. అది మన ఉద్యోగాలకూ, మన ఇళ్లలోని నగలకూ కూడా సంబంధించిన తీర్పు. అందులోకి వెళ్లే ముందు, అసలు నిర్లక్ష్యం అని చట్టం దేన్ని అంటుందో చూద్దాం.

ఒక పడవ నేర్పిన లెక్క

ఎంత జాగ్రత్తపడినా ప్రమాదాన్ని పూర్తిగా తప్పించలేం. అందుకే "నష్టం జరిగిందా?" అని అడిగి చట్టం ఊరుకోదు. "తీసుకోదగిన జాగ్రత్త తీసుకున్నారా?" అని కూడా అడుగుతుంది. మరి ఎంత జాగ్రత్త తీసుకుంటే చాలు?

దీనికి బాగా పేరుపొందిన జవాబు అమెరికా నుంచి వచ్చింది. 1944 జనవరిలో న్యూయార్క్ రేవులో పిండి బస్తాలతో ఉన్న ఒక సరుకుల పడవ కట్లు తెంచుకుని కొట్టుకుపోయింది. ఒక ట్యాంకరు ప్రొపెల్లర్ తగిలి దానికి చిల్లు పడింది, చివరికి మునిగిపోయింది. పడవను కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషి అప్పటికి 21 గంటలుగా పడవలో లేడు. ఉండి ఉంటే నీళ్లు చేరడం చూసి, దగ్గర్లోని టగ్ బోట్లను సాయానికి పిలిచేవాడు. 1947లో తీర్పు రాసిన జడ్జి లెర్నెడ్ హ్యాండ్ మూడు విషయాలను తూకం వేశారు: ప్రమాదం జరిగే అవకాశం, జరిగితే కలిగే నష్టం, దాన్ని ఆపడానికి అయ్యే ఖర్చు. అవకాశాన్ని నష్టంతో గుణించినప్పుడు వచ్చే మొత్తం కంటే జాగ్రత్త ఖర్చు తక్కువై, అయినా ఆ జాగ్రత్త తీసుకోకపోతే అది నిర్లక్ష్యం. యుద్ధకాలపు రద్దీలో, పగటివేళ పడవలో మనిషిని ఉంచడం పెద్ద భారం కాదని ఆయన తేల్చారు.

ఈ లెక్కను లాకర్‌కు వేసి చూద్దాం. అంకెలు కేవలం ఉదాహరణకు. లాకర్ పగలగొట్టే ముందు లెడ్జరు మరోసారి చూసి, రిజిస్టర్డ్ ఉత్తరం పంపడానికి ₹200 అవుతుందనుకుందాం. నూరింటిలో ఒక్కసారి పొరపాటు పడతామని, పడితే నష్టం ₹3 లక్షలని అనుకుందాం. నూరో వంతు అంటే ₹3,000. అంత నష్టాన్ని ఆపే ₹200 పని చేయకపోవడానికి సాకు దొరకదు. అలాగని ఒక్కో లాకర్‌కు ఒక్కో గార్డును పెట్టమని ఈ లెక్క ఎవరినీ అడగదు. ఆ ఖర్చు తగ్గే ప్రమాదాన్ని ఎన్నో రెట్లు మించిపోతుంది.

మన కోర్టులు దీన్ని గణిత సూత్రంగా వాడవు. పైగా ప్రాణానికీ, అమ్మ ఇచ్చిన గొలుసుకూ సరైన అంకె వేయడం ఎవరి తరమూ కాదు. ఆలోచించే క్రమానికి మాత్రం ఈ తూకం పనికొస్తుంది.

సుప్రీంకోర్టు ఏమంది?

దేశప్రియ పార్క్ కేసు సేవాలోపం కేసుగా నడిచింది. లాకర్‌లో ఎన్ని నగలున్నాయన్నది సాక్ష్యాలతో సివిల్ కోర్టులో తేల్చుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ లోపల ఏముందో తెలియకపోయినా, లాకర్ నిర్వహణలో తగిన శ్రద్ధ చూపడం బ్యాంకుకు విడిగా ఉన్న బాధ్యత అని స్పష్టం చేసింది. నోటీసు ఇవ్వకుండా, బకాయి లేని లాకర్‌ను పగలగొట్టడం ఆ బాధ్యతను తప్పడమే. ₹5 లక్షలు చెల్లించమని, బాధ్యులైన అధికారులు ఇంకా సర్వీసులో ఉంటే వారి జీతాల నుంచి రాబట్టమని ఆదేశించింది. కోర్టు ఖర్చులకు మరో ₹1 లక్ష. చూడకుండా వదిలేసిన ఒక లెడ్జరు పేజీ చివరికి ఉద్యోగి ఇంటి బడ్జెట్ దాకా రాగలదని దీని అర్థం.

ఆరు నెలల్లో నియమాలు తేవాలని రిజర్వు బ్యాంకును కూడా కోర్టు ఆదేశించింది. 2021 ఆగస్టు 18న వచ్చిన ఆ నియమాలు 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. లాకర్ తెరిచిన రోజే ఖాతాదారుకు ఎస్ఎంఎస్, ఈమెయిల్ రెండూ వెళ్లాలి. స్ట్రాంగ్ రూమ్ సీసీటీవీ రికార్డును కనీసం 180 రోజులు ఉంచాలి. పగలగొట్టాల్సి వస్తే ముందుగా నోటీసు ఇవ్వాలి, స్వతంత్ర సాక్షుల ఎదుట తెరవాలి, వస్తువుల జాబితా రాయాలి. అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, సిబ్బంది మోసం వల్ల నష్టం జరిగితే బ్యాంకు బాధ్యత వార్షిక అద్దెకు నూరు రెట్లు. అద్దె ₹3,000 అయితే ₹3 లక్షలు. భూకంపం, వరద, పిడుగు వంటి వాటికి ఈ బాధ్యత వర్తించదు. కానీ అలాంటివాటి నుంచి లాకర్లను కాపాడేందుకు తగిన జాగ్రత్త తీసుకోవాల్సిందే.

ఇంట్లో మనం చేయాల్సినవి

ఖాతాదారుకూ ఇదే తూకం వర్తిస్తుంది. ఖర్చు దాదాపు లేని జాగ్రత్తలు ఇవి:

• లాకర్ అద్దె రశీదులు దాచుకోండి. ఖాతా నుంచి కోత పడితే ఆ ఎంట్రీ చూసుకోండి.
• బదిలీ అయిన ప్రతిసారీ చిరునామా, మొబైల్ నంబరు మార్పించండి. నోటీసు పాత క్వార్టర్స్‌కు వెళ్తే ఉపయోగం లేదు.
• నగల ఫొటోలు, బిల్లులు, ఒక జాబితా లాకర్ బయట ఉంచండి. లోపల ఏముందో నిరూపించాల్సింది మీరే.
• నామినేషన్ పూర్తిచేయండి. సవరించిన లాకర్ ఒప్పందంపై సంతకం చేశారో లేదో చూసుకోండి.
• నగల విలువ అద్దెకు నూరు రెట్లు దాటుతుంటే విడిగా బీమా గురించి ఆలోచించండి. లాకర్‌లోని వస్తువులకు బ్యాంకు బీమా చేయదు.